సూక్ష్మ గురుత్వ ప్రయోగాన్ని హైదరాబాదులో సిద్ధం చేసుకునే విధానం

శుభాంశు శుక్లా 2025 జూన్ 26న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరి, జూలై 14న తిరుగుప్రయాణమయ్యేలోగా మన దేశపు సంస్థలు రూపొందించిన ఏడు ప్రయోగాల పని చూశారు. మెంతులు, పెసలు మొలకెత్తించడం, సూక్ష్మ శైవలాలనూ సయనోబాక్టీరియానూ పెంచడం, కండర కణాల ఎదుగుదలను గమనించడం, టార్డిగ్రేడ్లనే అతి చిన్న జీవుల మనుగడను పరిశీలించడం వాటిలో ఉన్నాయి. అటువంటి అవకాశం తమకూ రావాలని కోరుకునే అధ్యాపకులకూ పరిశోధక విద్యార్థులకూ మన నగరంలో కొదవ లేదు. ఈ మార్గదర్శి వారికోసం.

ఇటువంటి ఆలోచన రాగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏం పంపిద్దాం?" అన్నది. దానిని కొంతకాలం పక్కన పెట్టమని నా విన్నపం. ముందు అడగవలసింది "నేను చదువుతున్న విషయంలో గురుత్వం ఏ పని చేస్తోంది?" అని. దీనికి స్పష్టమైన జవాబు లేకుండా కక్ష్యలోకి వెళ్లిన పెట్టె ఫొటోలు మాత్రమే తెస్తుంది, ఫలితం తేదు. ఆ జవాబు వెతకడానికి రాకెట్టు అక్కరలేదు. తార్నాక నుంచి కంది దాకా ఉన్న ప్రయోగశాలల్లోనే ఆ పని పూర్తిగా చేసుకోవచ్చు.

గురుత్వం పాత్రను ఒక్క వాక్యంలో రాయండి

అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. ఆ ఎత్తులో భూమ్యాకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. అక్కడ గురుత్వం లేదని చెప్పడం తప్పు. సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో కదులుతూ, కేంద్రమూ అందులోని మనుషులూ వస్తువులూ అన్నీ కలిసి భూమి చుట్టూ నిరంతరంగా పడుతూనే ఉంటాయి. అన్నీ ఒకే తీరుగా పడుతున్నప్పుడు ఒకదాని బరువు మరొకదాని మీద మోపబడదు. మిగిలేది నేల మీది గురుత్వంలో పదిలక్షల వంతు స్థాయి త్వరణం, దానితో పాటు యంత్రాలూ వ్యాయామం చేసే మనుషులూ పుట్టించే కంపనాలు. సూక్ష్మ గురుత్వం అనే పేరు అందుకే సరిపోతుంది.

ఈ స్థితిలో నేరుగా మారేవి కొన్నే. వేడెక్కిన గాలి గానీ నీరు గానీ పైకి లేవదు కాబట్టి సంవహనం ఆగిపోతుంది. బరువైన కణం కిందికి దిగదు కాబట్టి అవక్షేపణ ఉండదు. నేల మీద మజ్జిగను కాసేపు కదపకుండా ఉంచితే పైన తేట తేరుతుంది, అక్కడ తేరదు. బుడగలు పైకి రావు. నేల మీద బరువు కప్పివేసే తలతన్యత, విసరణ వంటి బలహీన ప్రక్రియలు అప్పుడు ముందుకు వస్తాయి. మంట గుండ్రంగా, నీలంగా మారడానికీ, మొక్క వేళ్ల చుట్టూ నీరు పొరలా పట్టుకొని వాటికి ఆక్సిజన్ అందకుండా చేయడానికీ, ప్రోటీను స్ఫటికాలు కొన్ని సందర్భాల్లో ఒకే పరిమాణంలో పెరగడానికీ మూలకారణాలు ఇవే.

కాబట్టి మీ ప్రశ్నను ఈ మార్పుల్లో ఒకదానితో ముడివేసి రాయాలి. "అంతరిక్షంలో జొన్న ఎలా పెరుగుతుంది?" అన్నది ప్రయోగానికి పనికివచ్చే ప్రశ్న కాదు, దానికి ఏ జవాబైనా జవాబే అవుతుంది. దానినే ఇలా రాయవచ్చు: "జొన్న వేరు కొనలోని కణాల్లో పిండి రేణువులు బరువుకు అడుగుకు చేరడం వల్ల వేరు దిక్కు తెలుసుకుంటుంది. ఆ రేణువులు దిగని స్థితిలో, తేమ ఎక్కువగా ఉన్న వైపుకు వేరు తిరుగుతుందా, తిరిగితే ఎంత కోణంలో తిరుగుతుంది?" ఇందులో గురుత్వం చేసే పని ఉంది, దానిని తీసేస్తే మారవలసిన కొలత ఉంది, తప్పని తేలే అవకాశం కూడా ఉంది. దోస మొలకల మీద జపాన్ పరిశోధకులు అంతరిక్ష కేంద్రంలోని తమ దేశపు కిబో విభాగంలో దాదాపు ఇటువంటి ప్రశ్ననే అడిగి, సూక్ష్మ గురుత్వంలో వేళ్లు తేమ వైపుకు వంగుతాయని చూపారు. జొన్నను నేను ఉదాహరణగా ఎంచుకోవడానికి కారణం రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ రెండూ ఆ పంట మీద పనిచేస్తుండడం. ఇక్రిశాట్ జన్యునిధి నుంచి నిర్ణీత ఒప్పంద పత్రం మీద విత్తనాలు పొందవచ్చు. ఏ రకం విత్తనమో, ఎక్కడిదో స్పష్టంగా నమోదైన నమూనాతో మొదలుపెట్టడం చాలా ముఖ్యం.

వాక్యం రాశాక, ఇంతకు ముందు ఎవరైనా ఆ పని చేశారేమో చూడాలి. నాసా తన జీవశాస్త్ర ప్రయోగాల సమాచారాన్ని ఓపెన్ సైన్స్ డేటా రిపాజిటరీలో ఎవరికైనా ఉచితంగా అందుబాటులో ఉంచింది. భౌతిక శాస్త్ర ప్రయోగాలకూ అటువంటి భాండాగారం ఉంది. కక్ష్యలో పెరిగిన మొక్కల జన్యు వ్యక్తీకరణ (ఏ జన్యువు ఎంతగా పనిచేసిందన్న) వివరాలను తెచ్చుకొని ఉస్మానియాలో ఒక కంప్యూటరు ముందు కూర్చొని విశ్లేషించడమే ఒక ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు సరిపోతుంది. చాలామందికి ఇదే సరైన తొలి మెట్టు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎంతసేపు కావాలో తేల్చుకోండి

ప్రతి ప్రక్రియకూ దాని కాలం ఉంటుంది. మంట గానీ ద్రవపు ఉపరితలం గానీ సెకన్లలో స్పందిస్తుంది. కణాలకు గంటలు, రోజులు కావాలి. మొలకకు రోజులు, పంటకు వారాలు పడతాయి. వ్యోమగాముల తుంటి ఎముకలో సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం చొప్పున తగ్గుతుంది కాబట్టి, ఆ మార్పును నమ్మకంగా కొలవడానికి నెలలు పడుతుంది. నిజాం కళాశాల విద్యార్థి అయిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్-7లో దాదాపు ఎనిమిది రోజుల యాత్రలో యోగాసనాలు వేసి శరీరం మీద వాటి ప్రభావాన్ని పరిశీలించే ప్రయోగంలో పాల్గొన్నారు. కండరాలకు సంబంధించి ఆ వ్యవధిలో ఎంతోకొంత తెలుస్తుంది గానీ, ఎముక గురించి అడగడానికి అది చాలదు.

అతి తక్కువ వ్యవధి మీ చేతిలోనే ఉంది. ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగుకు దగ్గరగా ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేసి, వేళ్లతో మూసి, నీళ్లు నింపండి. వేళ్లు తీయగానే రెండు ధారలు చిమ్ముతాయి. ఇప్పుడు మూత పెట్టకుండానే సీసాను రెండు మీటర్ల ఎత్తు నుంచి తిప్పకుండా వదిలేసి, పక్కనుంచి మొబైల్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. పడుతున్న 0.64 సెకన్ల పాటు ధారలు ఆగిపోతాయి. సెకనుకు 240 ఫ్రేములు తీసే కెమెరాలో అది దాదాపు 150 ఫ్రేముల చిత్రం. సీసా చేతిని వీడిన క్షణంలో రంధ్రం దగ్గర ధార సన్నబడి తెగిపోవడం, లోపలి నీటి ఉపరితలం గోడల వెంబడి పైకి పాకడానికి సిద్ధపడడం ఒక్కొక్క ఫ్రేము కదుపుతూ చూస్తే కనబడుతుంది. తరగతిలో స్వేచ్ఛా పతనం గురించి గంటసేపు చెప్పేదాని కన్నా ఇది లోతుగా నాటుకుంటుంది.

కాలేజీ భవనం రెండో అంతస్తు నుంచి, అంటే ఆరు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 1.1 సెకన్లు వస్తాయి. ఆ వేగంలో గాలి నిరోధం లెక్కలోకి వస్తుంది కాబట్టి పెట్టెలో పెట్టె పద్ధతి పాటించాలి. బయటి పెట్టె గాలిని తట్టుకుంటుంటే, దానికి అంటకుండా లోపలి పెట్టె నిశ్చలమైన గాలిలో పడుతుంది. కింద మందపాటి ఫోమ్ పరుపులు, చుట్టూ తాడు కట్టి మనుషులు రాకుండా కాపలా తప్పనిసరి. అంతకు మించి కావాలంటే ఐఐటీ మద్రాసులోని దహన పరిశోధన కేంద్రంలో 2.5 సెకన్ల డ్రాప్ టవర్, అంటే పెట్టెను పైనుంచి జారవిడిచే గోపురం, ఉంది. జర్మనీలోని బ్రెమెన్ టవరులో 4.74 సెకన్లు, పెట్టెను కింది నుంచి పైకి విసిరే అక్కడి కాటపుల్ట్ వాడితే 9.3 సెకన్లు దొరుకుతాయి. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష వ్యవహారాల కార్యాలయం డ్రాప్‌టెస్ పేరుతో విద్యార్థి బృందాలకు బ్రెమెన్‌లో అవకాశం ఇచ్చే ఫెలోషిప్ నడుపుతోంది. ఇంజనీరింగ్ విద్యార్థులు తప్పక గమనించవలసిన దారి అది.

విమానాన్ని పరావలయ మార్గంలో నడిపితే ఒక్కో విడతకు 20 నుంచి 22 సెకన్లు వస్తాయి. అయితే ప్రతి విడతకు ముందూ వెనకా మామూలు కన్నా సుమారు 1.8 రెట్ల బరువు పడుతుంది, ఆ ప్రభావాన్ని విడదీయగలరో లేదో ఆలోచించాలి. కక్ష్యకు చేరకుండా పైకి వెళ్లి తిరిగి పడే సౌండింగ్ రాకెట్లలో ఆరు నిమిషాల దాకా దొరుకుతుంది. గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల 2021 జూలై 11న కక్ష్యకు చేరని యాత్రలో వెళ్లి, కొద్ది నిమిషాల భారరహిత స్థితిలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల ప్రయోగాన్ని తన చేతులతో నిర్వహించారు. మొక్కలున్న గొట్టంలోకి నిర్ణీత క్షణాన రసాయనాన్ని నెట్టి, ఆ క్షణంలో జన్యువుల స్థితి ఎలా ఉందో అలాగే నిలిపివేయడం ఆ పని. బరువు తొలగిన మొదటి నిమిషాల్లో మొక్క ఏం చేస్తుందన్న ప్రశ్నకు అంతరిక్ష కేంద్రం కన్నా అదే తగిన వేదిక. ఎక్కువ వ్యవధి ఉన్న వేదిక ఎప్పుడూ మెరుగైనదని అనుకోరాదు.

క్లైనోస్టాట్ తయారు చేసుకోండి

నేల మీద గురుత్వాన్ని తీసేయలేము, దాని దిక్కును మాత్రం నిరంతరం మార్చగలము. అడ్డంగా ఉన్న అక్షం చుట్టూ మొలకను నెమ్మదిగా తిప్పే పరికరమే క్లైనోస్టాట్. స్టెప్పర్ మోటారు, దాని డ్రైవరు, ఆర్డుయినో బోర్డు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఇరుసు, బేరింగులు రాణిగంజ్‌లో తీసుకొని, పెట్రీ డిష్ పట్టుకునే పళ్లేన్ని బాలానగర్‌లో ఏ చిన్న మెషిన్ షాపులోనైనా చేయించవచ్చు. ఇరుసు సరిగ్గా అడ్డంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూసుకోవాలి.

వేగం విషయంలో తొందరపాటు పనికిరాదు. తిరగడం వల్ల పుట్టే అపకేంద్ర త్వరణం, కోణీయ వేగపు వర్గాన్ని అక్షం నుంచి దూరంతో గుణిస్తే వస్తుంది. నిమిషానికి 2 చుట్లు తిరిగే డిష్‌లో అక్షానికి 5 సెంటీమీటర్ల దూరాన ఉన్న విత్తనం మీద అది గురుత్వంలో పదివేల వంతులకు రెండు వంతులు మాత్రమే. అదే 60 చుట్లకు పెంచితే గురుత్వంలో అయిదో వంతు అవుతుంది, అప్పుడు మీరు గురుత్వాన్ని చెరిపివేయడం మాని కొత్త బలాన్ని జోడిస్తున్నట్టు లెక్క. మరోవైపు, చుట్టు పూర్తయ్యేలోగా పిండి రేణువులు దిగిపోయేంత నెమ్మదిగానూ తిప్పకూడదు. రేణువులు దిగడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి, అరనిమిషానికి ఒక చుట్టు జొన్న మొలకకు సబబైన ఆరంభం.

అగార్ (మొలకలు పెంచే జెల్లీ వంటి పదార్థం) పోసిన డిష్‌లో విత్తనాలను అక్షానికి వీలైనంత దగ్గరగా అమర్చి, మూతను మైక్రోపోర్ టేపుతో అంటించి, వెలుతురు ప్రభావం పడకుండా చీకట్లో ఉంచాలి. ఒక డిష్ అడ్డ అక్షం చుట్టూ తిరగాలి. రెండోది నిలువుగా నిలబడి నిలువు అక్షం చుట్టూ అదే వేగంతో తిరగాలి, అందులో తిరుగుడూ కంపనమూ ఉంటాయి గానీ గురుత్వం దిక్కు మారదు. మూడోది కదలకుండా నిలువుగా ఉండాలి. మొదటిదానికీ రెండోదానికీ ఉన్న తేడాయే మీకు పనికివచ్చే తేడా. మొదటిదాన్ని మూడోదానితో మాత్రమే పోల్చి వ్యాసం రాసేవారు ఉన్నారు, అది మోటారు కంపనాన్ని గురుత్వం ఖాతాలో వేయడమే. అలాగే, క్లైనోస్టాట్ ఫలితాన్ని "సూక్ష్మ గురుత్వ ఫలితం" అని ఎక్కడా రాయకండి. అక్కడ గురుత్వం పూర్తిగా ఉంది, దిక్కు సగటున చెరిగింది, అంతే. ద్రవాల్లో సంవహనం వంటివి ఈ పరికరంతో పోవు.

జంట ప్రయోగం మీద అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టండి

కక్ష్యలోకి వెళ్లిన మొలక అనుభవించేది బరువు లేకపోవడం ఒక్కటే కాదు. రాకెట్టు ఎక్కేటప్పుడు మామూలు కన్నా మూడు నాలుగు రెట్ల బరువూ, తీవ్రమైన కంపనమూ భరిస్తుంది. పైన విశ్వకిరణాల తాకిడి ఉంటుంది. కేంద్రం లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ నేల మీద కన్నా అనేక రెట్లు ఎక్కువ. మొక్కల మీద పనిచేసేవారికి ఈ ఒక్క సంగతే ఫలితాన్ని తలకిందులు చేయగలదు. సంవహనం లేకపోవడం వల్ల ఆకు చుట్టూ గాలి కదలదు, ఫ్యాను లేకపోతే ఆకు తాను వదిలిన తేమలోనే ఉండిపోతుంది. కేంద్రంలోని వెజ్జీ అనే మొక్కల పెట్టెలో పెంచిన జినియాలకు 2015 చివర్లో అధిక తేమ వల్ల బూజు పట్టింది. వ్యోమగామి స్కాట్ కెల్లీ వాటిని శ్రద్ధగా చూసుకున్న మీదట 2016 జనవరిలో పూలు పూశాయి. బూజుకు కారణం గురుత్వమా, గాలి ప్రసరణా అన్నది విడదీయలేని ప్రయోగంలో జవాబు ఎప్పటికీ రాదు.

అందువల్ల పైకి వెళ్లే పెట్టెకు అచ్చంగా అలాగే ఉండే జంట పెట్టె ఒకటి హైదరాబాదులో నడవాలి. అదే తయారీ విడతకు చెందిన అగార్, అదే సంచిలోని విత్తనం, అదే ఫ్యాను, అదే దీపం. పైనున్న పెట్టె తన ఉష్ణోగ్రతను, తేమను, వాయువుల స్థాయిని పంపుతూ ఉంటే, ఒకటి రెండు రోజులు వెనకగా ఆ విలువలనే కింద మొక్కలు పెంచే గదిలో, అంటే గ్రోత్ చాంబర్‌లో, పునఃసృష్టించాలి. జంట ప్రయోగాన్ని కావాలని ఆలస్యంగా నడపడానికి కారణం ఇదే. పైన మూడో రోజు మధ్యాహ్నం ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరిగితే, కింద కూడా మూడో రోజు మధ్యాహ్నం రెండు డిగ్రీలు పెరగాలి. వేసవిలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున కరెంటు పోయి చాంబర్ ఆగితే జంట తెగిపోతుంది. యూపీఎస్, జనరేటరు, రాత్రి పూట చూసే మనిషి వంటి ఏర్పాట్లను ప్రతిపాదన బడ్జెట్‌లోనే చూపించాలి. నిధులిచ్చేవారు దీనిని చిన్న ఖర్చుగా చూసి కోసేస్తామంటే ఒప్పుకోకండి. పైకి వెళ్లే పెట్టెల సంఖ్యనైనా తగ్గించుకోవచ్చు గానీ దీనిని తగ్గించుకోరాదు.

వీలుంటే మరో జంటను కక్ష్యలోనే ఏర్పాటు చేయాలి. ఐరోపా సంస్థకు చెందిన క్యూబిక్ అనే ఇంక్యుబేటర్‌లో చిన్న సెంట్రిఫ్యూజ్ ఉంది. అందులో కొన్ని నమూనాలను తిప్పుతూ నేల మీది గురుత్వాన్ని కృత్రిమంగా ఇవ్వవచ్చు. ఆ నమూనాలు కూడా అదే రాకెట్టు ఎక్కాయి, అదే కిరణాలను ఎదుర్కొన్నాయి, అదే గాలిలో ఉన్నాయి. వాటికీ తిరగనివాటికీ మధ్య మిగిలే తేడా గురుత్వానిదే అని అప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు.

లెక్కింపు గురించి ఒక హెచ్చరిక. ఒకే పెట్టెలో ఎనిమిది విత్తనాలు పెడితే మీ దగ్గర ఎనిమిది స్వతంత్ర నమూనాలు ఉన్నట్టు కాదు. అవన్నీ ఒకే నీటిని, ఒకే ఉష్ణోగ్రతను, ఒకే మూలనున్న దీపాన్ని పంచుకుంటున్నాయి. గణాంకాల దృష్టిలో అది ఒక్క పెట్టె. ఇస్రోకు చెందిన విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం పోయెం-4 అనే కక్ష్యా వేదిక మీద పంపిన క్రాప్స్ పెట్టెలో ఎనిమిది అలసంద విత్తనాలు ఉన్నాయి, 2025 జనవరి తొలి వారంలో అవి మొలకెత్తి ఆకులు తొడిగాయి. పెట్టె పనిచేస్తుందని నిరూపించడం దాని లక్ష్యం, ఆ లక్ష్యం నెరవేరింది. మీది పోలిక కోరే ప్రశ్న అయితే, ఒకే గదిలో నలభై విత్తనాల కన్నా విడివిడి నీటి సదుపాయమున్న ఆరు చిన్న గదులు మేలు. ఏ గదిలో ఏ రకమో చీటీ తీసి నిర్ణయించండి, ఏ కొలతను ఏ పరీక్షతో విశ్లేషిస్తారో ప్రయోగానికి ముందే రాసి, తేదీ వేసి దాచండి.

పెట్టె

పది సెంటీమీటర్ల ఘనం ఈ రంగంలో అందరికీ తెలిసిన కొలత. అందులో విత్తనపు గది, నీటి సిరంజి, కెమెరా, దీపం, సెన్సార్లు, బోర్డు అన్నీ ఇమడాలి. నేల మీద వేడెక్కిన చిప్ చుట్టూ గాలి తనంతట తాను లేచిపోతుంది, అక్కడ లేవదు. కాబట్టి ప్రతి వేడి భాగం నుంచి లోహపు దారి గానీ ఫ్యాను గానీ ఉండాలి. సిరంజిలో బుడగ మిగిలితే పైకి తేలదు, నీటితో పాటు విత్తనం దగ్గరికే వచ్చి కూర్చుంటుంది. నీటిని ముందుగా మరిగించి చల్లార్చి, తక్కువ పీడనంలో వాయువులు తీసేసి నింపాలి. ఆ తర్వాత పెట్టెను తలకిందులు చేసి, పక్కకు తిప్పి, అన్ని దిక్కుల్లోనూ పనిచేయించి చూడండి. ఏ దిక్కులోనైనా తేడా చేస్తే అది కక్ష్యలో పనిచేయదనే అనుకోవాలి.

మనుషులున్న కేంద్రానికి వెళ్లే పెట్టె భద్రతా సమీక్షలను దశలవారీగా దాటాలి. ద్రవం ఎంత ప్రమాదకరమో దాన్నిబట్టి ఒకటి నుంచి మూడు పొరల దాకా కట్టడి అడుగుతారు. కణజాలాన్ని నిలిపివేసే రసాయనాలు వాడేవారు ఈ విషయంలోనే ఎక్కువగా చిక్కుకుంటారు. గాజు పగిలే అవకాశం, ప్లాస్టిక్ నుంచి వెలువడే వాయువులు, మంటంటుకునే గుణం, లిథియం బ్యాటరీ, అన్నిటికీ పత్రాలు కావాలి. రూపకల్పన పూర్తయ్యాక భద్రత గురించి ఆలోచిస్తే మళ్లీ మొదటికి వస్తారు.

రాకెట్టు ప్రయోగ తేదీ వెనక్కి జరగడాన్ని కూడా రూపకల్పనలో భాగం చేయాలి. శుక్లా బృందం మొదట 2025 మే 29న బయలుదేరవలసి ఉండగా, వాయిదాల మీద వాయిదాలు పడి జూన్ 25న వెళ్లింది. పొడి విత్తనం నెలరోజులు ఆగుతుంది, నీరు పెట్టిన విత్తనం ఆగదు. కక్ష్యకు చేరాక ఆదేశం మీద నీరు అందే ఏర్పాటు అందుకే. జీవకణాలతో పనిచేసేవారు తాజా నమూనాలను ఎన్నిసార్లు మార్చగలరో, చివరి గంటల్లో పెట్టెను రాకెట్టులో పెట్టనిస్తారో లేదో ముందే మాట్లాడుకోవాలి. ఇక రాకెట్టు ప్రయోగమే విఫలం కావడమూ ఉంటుంది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 లక్ష్యాన్ని చేరలేదు. ఒకటి పోతే మరొకటి ఉండేలా మొదటి నుంచే రెండు పెట్టెలు తయారు చేయించండి.

చేతులు మీవి కావు

కేంద్రంలో వ్యోమగామి సమయం అన్నిటికన్నా విలువైనది. అతనో ఆమెనో మీ ప్రయోగం గురించి కొద్దిసేపే విని ఉంటారు, చేతిలో ఉన్నదేదీ బల్ల మీద పెట్టడానికి వీలుండదు. కాబట్టి మూతలు వేరుగా ఊడి రాకూడదు, ప్రతి భాగానికీ వెల్‌క్రో గానీ తాడు గానీ ఉండాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, రంగును మాత్రమే నమ్ముకోరాదు.

సూచనల పత్రాన్ని పరీక్షించడానికి ఒక మంచి పద్ధతి ఉంది. మీ కాలేజీలో చరిత్ర బోధించే అధ్యాపకురాలిని పిలిచి, పెట్టెనూ పత్రాన్నీ ఆమె చేతికిచ్చి, మీరు పక్కన మౌనంగా కూర్చోండి. "వాల్వు తెరవండి" అన్న చోట ఆమె వేలు రెండు వాల్వుల మధ్య ఆగిందంటే, ఆ వాక్యం మార్చాలి. "కొంచెం తిప్పండి" అన్న చోట ఆమె మీ వైపు చూసిందంటే, ఎన్ని డిగ్రీలో రాయాలి, క్లిక్ అనే శబ్దం వినిపించేలా మలచాలి. నోరు తెరిచి సాయం చేయాలన్న కోరికను అణచుకోవడం కష్టమే గానీ, అక్కడ మీరు చెప్పిన ప్రతి మాటా పత్రంలో లేని మాటేనని గుర్తించాలి.

ఎవరి తలుపు తట్టాలి

ప్రభుత్వేతర సంస్థలకూ విద్యాసంస్థలకూ అంతరిక్ష కార్యకలాపాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ, అహ్మదాబాదులోని ఇన్‌స్పేస్ ముఖద్వారం. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను ప్రయోగం తర్వాత కక్ష్యలోనే వేదికగా వాడే పోయెం మీద చోటు దాని ద్వారానే అడగాలి. 2024 డిసెంబరు 30న వెళ్లిన పోయెం-4 మీద 24 పరికరాలు ఉన్నాయి. మన నగరానికి చెందిన టేక్‌మీటుస్పేస్ తన పరికరాన్ని అందులోనే పంపింది. ధ్రువ స్పేస్ అంతకు ముందు 2024 జనవరి 1న పోయెం-3 మీద తన వేదికను పరీక్షించింది. ఇతరుల పరికరాలను మోసే పనిలో ఉన్న ఇటువంటి స్థానిక సంస్థలతో ముందుగా మాట్లాడడం వల్ల విద్యుత్తు, సమాచార ప్రసారం, కంపన పరీక్షల గురించి ఎంతో కాలం ఆదా అవుతుంది.

పోయెం మీద ఉండేది శూన్యం. గాలి, వెచ్చదనం మీ పెట్టెలోనే ఉండాలి. నమూనా తిరిగి రాదు, కొలతలూ చిత్రాలూ మాత్రమే వస్తాయి. జొన్న వేరు ఎంత కోణంలో వంగిందన్న ప్రశ్నకు కెమెరా చాలు కాబట్టి ఇది సరిపోతుంది. వేరు కణాల్లో ఏ జన్యువు పనిచేసిందన్న ప్రశ్నకు నమూనా చేతికి రావాలి, అప్పుడు మనుషులున్న కేంద్రమో, తిరిగి వచ్చే నౌకో కావాలి. మన దేశం 2007 జనవరిలో తిరిగి వచ్చే నౌక ఎస్‌ఆర్‌ఈ-1 ద్వారా పదార్థశాస్త్ర ప్రయోగాలను కక్ష్యలో పన్నెండు రోజులు నడిపి బంగాళాఖాతంలో దింపి తెచ్చుకుంది. భారతీయ అంతరిక్ష స్టేషన్‌ను 2035 నాటికి నెలకొల్పాలన్నది ప్రభుత్వ లక్ష్యం, అందులో జరగబోయే జీవసాంకేతిక పరిశోధనల కోసం ఇస్రోకూ బయోటెక్నాలజీ విభాగానికీ మధ్య 2024 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. నేడు ఎం.ఎస్సీ. చదువుతున్నవారు ప్రయోగశాల పెట్టుకునే వయసుకు ఆ కేంద్రం సిద్ధమవుతుంది. అందులో ప్రయోగాలకు ప్రతిపాదనలు కోరే ప్రకటనలు వచ్చేనాటికి క్లైనోస్టాట్ ఫలితాలు, పనిచేసిన పెట్టె, జంట ప్రయోగపు నమోదులు చేతిలో ఉన్న బృందానికే చోటు దక్కే అవకాశం ఎక్కువ.

ప్రతిపాదన రాసేటప్పుడు, వేదికను అందించే సంస్థను మీ పెట్టె ఉన్నచోట త్వరణపు కొలతలు ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి. నౌక దిశ మార్చుకున్న ప్రతిసారీ కొద్దిపాటి త్వరణం పుడుతుంది. ఆ సమయాలు మీ చిత్రాల సమయాలతో సరిపోల్చగలిగేలా రెండు గడియారాలూ ఒకే ప్రమాణ కాలంలో ఉండాలి. అలాగే కార్బన్ డయాక్సైడ్, కిరణాల మోతాదు, ఉష్ణోగ్రత నమోదులను ఫలితాలతో పాటు ప్రచురించడానికి అనుమతి తీసుకోండి. వేరు వంగని పక్షంలో కూడా ఆ కొలతలన్నీ పూర్తిగా వెలువరించాలి. తర్వాత కొర్రల మీదో కందుల మీదో ప్రయోగం చేయబోయే మరో బృందం తన గదుల సంఖ్యను, నీటి మోతాదును నిర్ణయించుకోవడానికి వాటినే చూస్తుంది.